విరిచిన బ్లేడు వెనుక మనిషి: కింగ్ క్యాంప్ జిల్లెట్

హిమాయత్‌నగర్ బజారులో గానీ, రైలు దారి వెంట అటు భోకర్‌లో, ఇటు కిన్వట్‌లో గానీ క్షౌరశాలలో కూర్చున్న మనిషి అద్దంలో తన ముఖాన్ని చూసుకుంటాడే తప్ప క్షురకుని వేళ్ళను చూడడు. చూస్తే ఒక చిన్న పని కంటబడుతుంది. క్షురకుడు పొట్లంలోంచి కొత్త బ్లేడు తీసి, పైకాగితం విప్పకుండానే నిలువునా మడిచి, టక్కున రెండుగా విరుస్తాడు. ఒక సగాన్ని ఉస్తరాలో బిగిస్తాడు. రెండవ సగాన్ని తరువాత వచ్చేవానికోసం పక్కన పెడతాడు. రెండు రూపాయలో మూడు రూపాయలో ఖరీదు చేసే ఆ ఉక్కు రేకుకు నూట ఇరవై ఏళ్ళు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రకు మూలపురుషుడైన అమెరికా దేశస్థుడు తన పేరు మీద లోకమంతా గడ్డం గీసుకుంటుండగా, సంపదలో అధికభాగం పోగొట్టుకొని కన్నుమూశాడు.

సరిహద్దు గ్రామాల పెద్దలకు ఆ రేకు రాకముందటి కాలం తెలియనిది కాదు. 1956 వరకు నాందేడ్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. తెలుగు పల్లెలో పన్నెండుమంది ఆయగాళ్ళు ఉన్నట్టే మరాఠీ పల్లెలో బారా బలుతేదారులుండేవారు. ఆ పన్నెండుమందిలో క్షురకుడు ఒకడు. చంకలో పొది పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, వేపచెట్టు నీడనో అరుగు మీదనో రైతును కూర్చోబెట్టి క్షౌరం చేసేవాడు. కూలి రొక్కంగా కాక, పంట కళ్ళానికి వచ్చినప్పుడు జొన్నల రూపంలో ముట్టేది. ఆ పొదిలోని కత్తి ఒక్కటే. దానిని సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద తీడి, జీవితాంతం వాడుకొనేవాడు. తండ్రి కత్తి కొడుకు చేతికి వచ్చిన ఇళ్ళూ ఉన్నవి. గడ్డం తనకు తాను గీసుకోవడం అప్పట్లో అందరికీ అలవడిన విద్య కాదు. అమెరికాలోనూ పరిస్థితి ఇంతకంటె భిన్నంగా లేదు. పదును పోయిన కత్తిని క్షురకుని దగ్గరకో సాన పట్టేవాని దగ్గరకో పంపవలసిందే.

అటువంటి రోజుల్లో, 1855 జనవరి 5న, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాండ్ డు లాక్ అనే పట్టణంలో కింగ్ క్యాంప్ జిల్లెట్ జన్మించాడు. కింగ్ అన్నది బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. క్యాంప్ అన్నది తల్లి పుట్టింటి పేరు. తండ్రికి యంత్రాల మీద, కొత్త కల్పనల మీద మక్కువ ఎక్కువ. తల్లి ఫానీ వంటల విషయంలో దిట్ట. 1887లో వెలువడిన వైట్ హౌస్ కుక్ బుక్ అనే ప్రసిద్ధ వంటల పుస్తకం ఆమె కృషి ఫలమే. ఇంట్లో ఒకవైపు పనిముట్లు, మరొకవైపు కొలతలు, దినుసులు. పిల్లలు ఏ వస్తువును చూసినా దీనిని ఇంతకంటె బాగా చేయలేమా అని ఆలోచించే వాతావరణంలో పెరిగారు.

కుటుంబం షికాగో నగరానికి తరలి వెళ్ళింది. 1871 అక్టోబరులో ఆ నగరాన్ని దహించిన మహా అగ్నిప్రమాదంలో తండ్రి ఆస్తి బుగ్గి అయిపోయింది. అప్పటికి కింగ్‌కు పదహారేళ్ళు. చదువు అక్కడితో ఆగింది. ఇనుప సామాను వ్యాపారంలో గుమాస్తాగా చేరి, తరువాత ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగిగా మారాడు. సంత సంతకూ తిరిగే చిల్లర వర్తకుని జీవితం ఎరిగినవారికి ఈ ఉద్యోగం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. రైలు, సత్రం, దుకాణం, మళ్ళీ రైలు. తీరిక దొరికినప్పుడల్లా చిన్న చిన్న పరికరాలు కనిపెట్టి పేటెంట్లు తీసుకొనేవాడు. వాటిలో ఏదీ అతనికి చెప్పుకోదగిన ధనం తెచ్చిపెట్టలేదు. 1890లో అట్లాంటా గెయిన్స్ అనే యువతిని వివాహమాడాడు. వారికి ఒక్కడే కుమారుడు.

1891 ప్రాంతంలో అతడు విలియం పెయింటర్ అనే వ్యక్తి స్థాపించిన సంస్థలో అమ్మకపు ఉద్యోగిగా చేరాడు. పెయింటర్ పేరు మనవారికి తెలియకపోయినా ఆయన చేసిన వస్తువు తెలియని పిల్లవాడు లేడు. కూల్‌డ్రింకు సీసా మీద అంచులు మడతలుగా నొక్కి బిగించి ఉండే రేకు మూత ఆయన సృష్టి. ఒకసారి తీసిన మూత మళ్ళీ పనికిరాదు. కొత్త సీసాకు కొత్త మూత కావలసిందే. ఒకసారి వాడి పారవేసేది, కొన్నవాడు మళ్ళీ మళ్ళీ కొనవలసి వచ్చేది ఏదైనా ఆలోచించమని పెయింటర్ జిల్లెట్‌కు సలహా ఇచ్చాడు. ఆ మాట జిల్లెట్ మనస్సును విడవలేదు. వర్ణమాలలో ఒక్కొక్క అక్షరమూ తీసుకొని, ఆ అక్షరంతో మొదలయ్యే నిత్యావసర వస్తువులన్నిటినీ తలచుకొనేవాడు. ఏదీ తట్టలేదు.

ఇదే కాలంలో అతని బుర్రలో మరొక ఆలోచన రగులుతూ ఉండేది. 1894లో ది హ్యూమన్ డ్రిఫ్ట్ అనే పుస్తకాన్ని ప్రచురించాడు. మనుషుల మధ్య పోటీయే సకల దుఃఖాలకూ మూలమని, ఒకే వస్తువును వందమంది వేరువేరుగా తయారుచేసి వేరువేరుగా అమ్ముకోవడం కేవలం వృథా అని అందులో వాదించాడు. అందరి సొత్తుగా ఒకే ఒక మహాసంస్థ ఉండాలట. నయాగరా జలపాతం దగ్గర, ఆ నీటి విద్యుత్తుతో నడిచే ఒకే మహానగరంలో ఆరు కోట్ల మంది నివసించాలట. ఆ నగరానికి మెట్రోపొలిస్ అని పేరు కూడా పెట్టాడు. వృథాను ఇంతగా ద్వేషించిన మనిషే ఆ మరుసటి సంవత్సరం పారవేయడానికే పుట్టిన వస్తువును ఊహించాడన్నది అతని జీవితంలోని అతి పెద్ద వైరుధ్యం. ఆ వైరుధ్యం అతనికి ఎప్పుడైనా బాధ కలిగించినట్టు కనబడదు.

1895 వేసవిలో ఒక ఉదయం, మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రూక్‌లైన్‌లో తన ఇంట్లో గడ్డం గీసుకోబోగా రేజరు పదును పోయి ఉన్నది. తోలుపట్టీకి లొంగే దశ దాటింది, సాన పట్టించవలసిందే. అప్పటికే రక్షక రేజర్లు లేకపోలేదు. 1880లో కాంఫె సోదరులు పేటెంటు తీసుకొన్న స్టార్ అనే రేజరు వాడుకలో ఉన్నది. చర్మం కోసుకుపోకుండా దానికి అడ్డు ఉండేది. అయితే లోపలి అలుగు మాత్రం మందపాటి పాత కత్తి ముక్కే. దానికీ సాన తప్పలేదు. చేతిలోని రేజరును చూస్తూ నిలబడిన జిల్లెట్‌కు ఒక్క క్షణంలో సంగతి స్ఫురించింది. గడ్డాన్ని కోసేది కత్తి అంచు మాత్రమే. ఆ అంచును మోయడానికే అంత మందపాటి ఉక్కు, అంత నూరుడు, అంత శ్రమ. పల్చని ఉక్కు రేకుకు రెండువైపులా పదును పెట్టి, రెండు పలకల మధ్య బిగించి, పదును పోగానే పారవేస్తే? వెంటనే దుకాణానికి వెళ్ళి ఇత్తడి ముక్కలు, గడియారపు స్ప్రింగులకు వాడే ఉక్కు పట్టీ, ఆకురాయి కొనుక్కొని వచ్చి నమూనా మొదలుపెట్టాడు. ఊరిలో లేని భార్యకు మన అదృష్టం పండిందని ఉత్తరం రాశాడు. ఆ పండు చేతికి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

చిక్కంతా ఉక్కులోనే. రేకు పల్చనైనకొద్దీ దానిని ఎర్రగా కాల్చి చల్లార్చి గట్టిపరచేటప్పుడు వంకరలు పోతుంది. వంకర పోయిన రేకుకు సరియైన పదును రాదు. కత్తులు చేసేవారు, లోహశాస్త్రం తెలిసినవారు, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే ప్రసిద్ధ విద్యాలయంలోని నిపుణులు, అడిగినవారందరూ ఇది సాధ్యం కాదన్నారు. తాను సాంకేతిక విద్య చదివి ఉంటే అప్పుడే మానుకొని ఉండేవాడినని జిల్లెట్ తరువాతి కాలంలో ఒప్పుకొన్నాడు.

సాధ్యం చేసి చూపించినవాడు విలియం ఎమరీ నికర్సన్. వింత ఏమిటంటే ఆయనా ఆ విద్యాలయం పట్టభద్రుడే. పల్చని రేకులను వంకర పోకుండా గట్టిపరచే పద్ధతిని, వాటికి యంత్రం మీద పదును పెట్టే విధానాన్ని ఆయన రూపొందించాడు. 1901 సెప్టెంబరులో సంస్థ ఏర్పడింది. 1902లో దానికి జిల్లెట్ సేఫ్టీ రేజర్ కంపెనీ అని పేరు మార్చారు. నికర్సన్ పేరు పెట్టకపోవడానికి ఒక కారణం చెప్పుకుంటారు. ఆంగ్లంలో నిక్ అంటే గాటు. గడ్డం గీసే సాధనానికి గాటుతో మొదలయ్యే పేరు పెడితే కొనేవాడెవడు? కారణం నిజమో కాదో గాని, యంత్రం చేసినవాని పేరు మరుగునపడి, ఊహించినవాని పేరు ఇంటింటికీ పాకింది. మన దగ్గర మేస్త్రీ పేరు మరచి ఇంటికి యజమాని పేరు చెప్పుకోవడం వంటిదే ఇది.

ఆ రేజరులోని అసలు రహస్యం ఇక్కడ తెలుసుకోదగినది. ఆ తొలి బ్లేడు మందం అంగుళంలో వెయ్యింట ఆరు వంతులు మాత్రమే. అంత పల్చని రేకు విడిగా ఉంటే వేలితో నొక్కినా వంగిపోతుంది. రేజరులో కింద ఒక పలక, పైన వంపు తిరిగిన మూత ఉంటాయి. పిడిని మర తిప్పి బిగించినకొద్దీ రేకు ఆ రెండింటి నడుమ విల్లులాగా వంగుతుంది. వంగిన రేకుకు బిగువు వస్తుంది. ఇంటి పైకప్పుకు వేసే రేకు మడతలు లేకుండా చదునుగా ఉంటే గాలికి తడతడలాడుతుంది, అలలు అలలుగా వంచితే మనిషి ఎక్కినా నిలుస్తుంది. అదే సూత్రం. మందపాటి ఉక్కు చేయవలసిన పనిని వంపు చేస్తుంది. అందుకే ఖర్చు తగ్గింది, అందుకే పారవేయడం సాధ్యమైంది. 1904 నవంబరు 15న దీనికి పేటెంటు లభించింది.

1903లో అమ్మకాలు మొదలైనవి. ఆ సంవత్సరమంతా కలిపి అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. సంస్థ దగ్గర జీతమిచ్చే స్తోమతు లేక, జిల్లెట్ మూతల కంపెనీ ఉద్యోగం మీద లండన్ వెళ్ళవలసి వచ్చింది. 1904లో లెక్క తారుమారైంది. 90,884 రేజర్లు, 1,23,648 బ్లేడ్లు అమ్ముడయ్యాయి. విదేశీ హక్కులను భాగస్వాములు అమ్మివేయబోతున్నారని విని ఆయన హుటాహుటిన అమెరికాకు తిరిగి వచ్చాడు. బ్లేడు కాగితం మీద మీసాలతో కూడిన ఆయన ముఖచిత్రం, సంతకం అచ్చయ్యేవి. ఆ కాగితాలు కోట్ల కొద్దీ లోకమంతా తిరిగినవి. భాష తెలియని దేశాలలో కూడా ఆయనను చూసినవారు గడ్డం గీసుకొంటున్నట్టు చేత్తో సైగ చేసి పలకరించేవారని చెబుతారు. తానే మీసం తీయని మనిషి గడ్డం గీసుకోవడానికి గుర్తుగా మారడం ఒక తమాషా.

వ్యాపార పాఠాలలో జిల్లెట్ గురించి ఒక కథ పాతుకుపోయింది. రేజరును ఉచితంగా పంచి, బ్లేడ్ల మీద లాభం తీశాడని. ఇది నిజం కాదు. మొదట్లో ఆ రేజరు ఖరీదు 5 డాలర్లు. ఒక కార్మికుని వారపు కూలిలో మూడవ వంతుకు తక్కువ కాదు. పేటెంటు అమలులో ఉన్న పదిహేడేళ్ళూ ధర దిగలేదు. 1921లో గడువు ముగిసి ఎవరైనా అటువంటి రేజరు చేసుకోవచ్చునన్నప్పుడే పాత నమూనాను సంస్థ ఒక్క డాలరుకు దించింది. చౌక చేసింది దాతృత్వం కాదు, పోటీ. పోటీ సర్వనాశన హేతువని పుస్తకం రాసినవాని సంస్థలోనే ఇది జరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ అలవాటును మగవారందరికీ నేర్పింది. అమెరికా ప్రభుత్వం తన సైనికులకోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్ల 20 లక్షల బ్లేడ్లు తీసుకున్నది. విషవాయువు నుండి కాపాడే ముసుగు ముఖానికి అంటుకొని నిలవాలంటే గడ్డం ఉండరాదు. కందకాలలో సైనికుడు తన గడ్డం తానే గీసుకోవడం నేర్చుకున్నాడు. యుద్ధం ముగిశాక ఆ రేజరుతోనే ఇంటికి వెళ్ళాడు. కొత్త బ్లేడ్లు కొనడం ఆ తరువాత మానలేదు.

అప్పటికే జిల్లెట్ సంస్థ మీద పట్టు కోల్పోయాడు. పెట్టుబడి పెట్టిన జాన్ జాయిస్‌తో పడక, తన వాటాలో పెద్ద భాగం అమ్మి, అధ్యక్షుడన్న పేరు మాత్రం ఉంచుకొని కాలిఫోర్నియా చేరాడు. మనస్సు మళ్ళీ పాత కలవైపే మళ్ళింది. 1910లో ప్రపంచమంతటికీ ఒకే సంస్థ అన్న ప్రణాళికను ముద్రించి, దానికి అధ్యక్షుడుగా ఉంటే పది లక్షల డాలర్లు ఇస్తానని మాజీ రాష్ట్రపతి థియొడొర్ రూజ్వెల్ట్‌ను అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. 1924లో రచయిత అప్టన్ సింక్లెయిర్ సహాయంతో ది పీపుల్స్ కార్పొరేషన్ అన్న మరొక గ్రంథం వెలువరించాడు. వినేవారు లేరు. బ్లేడు కొన్న కోట్లమందిలో ఆయన పుస్తకం కొన్నవారు వేళ్ళమీద లెక్కించదగినవారే.

చివరి దశ వేగంగా ముగిసింది. కాలబాసాస్ కొండల నడుమ వాలెస్ నెఫ్ అనే వాస్తుశిల్పి చేత పెద్ద భవనం కట్టించుకున్నాడు. భూములలో ధనం పెట్టాడు. 1929లో షేర్ల ధరలు కూలినవి. 1930లో హెన్రీ గెయిస్‌మన్ నడిపే ఆటోస్ట్రాప్ సంస్థతో విలీనం జరిగినప్పుడు లెక్కలు తిరగవేయగా, జిల్లెట్ సంస్థ తన లాభాలను ఉన్నదానికంటె ఎక్కువగా చూపుతూ వచ్చినట్టు బయటపడింది. షేరు విలువ మరింత పడిపోయింది. 1931లో అధ్యక్ష పదవి నుండి తప్పుకొని, 1932 జూలై 9న తన డెబ్బై ఏడవ యేట ఆయన మరణించాడు. అప్పటికి సంపదలో చాలా భాగం కరిగిపోయింది. ఆ కొండల ఇల్లు ఆయన పేరుతోనే నేడు ప్రజలు తిరిగే ఉద్యానవనం.

ఇంకొక సంగతి. క్షురకుడు విరిచే నేటి బ్లేడు మధ్యలో పొడవాటి చీలిక ఉంటుంది. జిల్లెట్ చేసిన బ్లేడుకు చీలిక లేదు, మూడు గుండ్రని రంధ్రాలు ఉండేవి. చీలిక గెయిస్‌మన్ పక్షం నుండి వచ్చినది. పోటీదారులిద్దరూ కలిసిపోయాక స్థిరపడిన ఆ రూపమే ఇప్పటికీ అన్ని సంస్థలూ పాటిస్తున్నవి. అందువల్లనే ఏ దేశంలో తయారైన బ్లేడైనా ఏ దేశపు రేజరులోనైనా ఇముడుతుంది. ఒకే వస్తువు, ఒకే కొలత, అందరికీ ఒకటే అన్న జిల్లెట్ కల మానవ సమాజంలో నెరవేరలేదు గాని, ఈ ఒక్క రేకు విషయంలో నెరవేరింది. అదైనా ఆయన సంస్థ ఇష్టంతో కాదు, పేటెంట్ల గడువు తీరిపోవడం వల్ల.

ఎవరైనా చేయగలిగిన వస్తువు మీద పెద్ద లాభం మిగలదు. 1960ల ఆరంభంలో ఇంగ్లండుకు చెందిన విల్కిన్సన్ స్వోర్డ్ తుప్పు పట్టని ఉక్కుతో బ్లేడు తెచ్చి జిల్లెట్ సంస్థను కలవరపెట్టింది. పాత బ్లేడు కంటె అది చాలా రోజులు నిలిచేది. 1971లో జిల్లెట్ సంస్థ కొత్త రేజరు తెచ్చింది. ఒక ప్లాస్టిక్ తలలో రెండు అలుగులను కదలకుండా బిగించి, ట్రాక్ టూ అని పేరు పెట్టింది. ఆ తల ఆ పిడికే సరిపోతుంది. 1998లో మాక్ 3 మూడు అలుగులతో వచ్చింది. 2003లో ప్రత్యర్థి షిక్ నాలుగు అలుగులు పెట్టగా, 2006లో జిల్లెట్ ఫ్యూజన్ ఐదు పెట్టింది. 2005లో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ అనే మహాసంస్థ జిల్లెట్‌ను కొనివేసింది.

ఐదు అలుగులు ఒక్క అలుగు కంటె ఐదింతలు మేలు చేస్తాయా? చెప్పే శాస్త్రం ఇది. మొదటి అలుగు వెంట్రుకను కోస్తూ కొంచెం పైకి లాగుతుంది. అది వెనక్కు జారుకొనేలోగా వెనుక ఉన్న అలుగు మరికొంత కిందికి కోస్తుంది. అందుచేత గడ్డం మరింత నున్నగా వస్తుంది. ఇది అబద్ధం కాదు. తల అటూ ఇటూ తిరుగుతుంది గనుక చేయి అలవాటు లేని కుర్రవానికి, చేయి వణికే వృద్ధునికి గాట్లు పడే భయం తక్కువ. ఒంటి బ్లేడు రేజరును ముప్పై డిగ్రీల వాలులో, అదుముకోకుండా, నురుగు బాగా పట్టించి లాగడం నేర్చుకోవాలి. నేర్చుకొనే వారం పదిరోజులు చుబుకం మీద కాగితపు ముక్కలు తప్పవు.

నున్నదనానికి ఒక వెల ఉన్నది. చర్మం మట్టానికి కిందుగా తెగిన వెంట్రుక, ముఖ్యంగా ఉంగరాలు తిరిగే గడ్డం గలవారికి, మళ్ళీ పెరిగేటప్పుడు చర్మంలోపలికే తిరిగి గుల్లలు లేపుతుంది. అటువంటివారికి అలుగులు తక్కువగా ఉన్న రేజరునే చర్మవైద్యులు సూచిస్తారు. ఖర్చు సంగతి ఇంకా స్పష్టం. రెండంచుల బ్లేడు రెండు మూడు రూపాయలు. ఐదు అలుగుల తల ఒక్కటి వందరూపాయలు దాటుతుంది. పది రోజుల్లో నాలుగుసార్లు గడ్డం గీసుకొనే రైతుకు ఇది ఆలోచించవలసిన లెక్కే.

వీటన్నిటికంటె పెద్ద తేడా నీళ్ళ దగ్గర బయటపడింది. ఈ శతాబ్ది ఆరంభంలో జిల్లెట్ సంస్థ భారతదేశం కోసం ప్రత్యేకంగా ఒక రేజరును రూపొందించింది. అలుగుల నడుమ ఇరుక్కొనే వెంట్రుకలను తోసివేయడానికి దానికి ఒక మీట కూడా పెట్టింది. అమ్మకానికి ముందు దానిని పరీక్షించింది ఎవరి మీద అంటే, ఒకప్పుడు జిల్లెట్‌కు ఇది సాధ్యం కాదని చెప్పిన ఆ మసాచుసెట్స్ విద్యాలయంలోని భారతీయ విద్యార్థుల మీద. వారు మెచ్చుకున్నారు. ఇక్కడ అది విఫలమైంది. ఆ విద్యార్థుల గదులలో కొళాయి తిప్పితే ధారగా నీరు. మన ఇళ్ళలో అరుగు మీద కూర్చుని, గోడకో దోసిటికో ఆనించిన చిన్న అద్దంలో చూసుకొంటూ, చెంబెడు నీటిలో రేజరు ముంచి తీసే మనిషికి దగ్గర దగ్గరగా ఉన్న అలుగుల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు వదలవు. ఈ చిన్న విషయం తెలుసుకోవడానికి ఆ సంస్థవారు ఆ తరువాత వేల గంటలు భారతీయుల ఇళ్ళలో కూర్చొని చూడవలసి వచ్చింది. ఏ నాందేడ్ జిల్లా ఇల్లాలిని అడిగినా మొదటిరోజే చెప్పి ఉండేది.

ఫలితంగా 2010లో వెలువడినది గార్డ్ అనే రేజరు. అప్పట్లో దాని ధర పిడితో కలిపి 15 రూపాయలు, మార్చుకొనే తల 5 రూపాయలు. ఆ తలలో అలుగు ఒక్కటే. రెండు, మూడు, నాలుగు, ఐదు అని నాలుగు దశాబ్దాలు ఎక్కిన మెట్లు దిగి, జిల్లెట్ ఒంటి అలుగు దగ్గరకే సంస్థ వచ్చింది. అలుగు ముందు వెడల్పుగా ఖాళీ ఉంటుంది గనుక చెంబు నీటిలో ఆడిస్తే వెంట్రుకలు రాలిపోతాయి.

క్షౌరశాలలో మాత్రం ఏ ప్లాస్టిక్ తలా అడుగుపెట్టలేకపోయింది. 1990ల నుండి ఎయిడ్స్ గురించి, కాలేయాన్ని తినే హెపటైటిస్ బి, సి గురించి ప్రచారం సాగిన తరువాత, మనిషి మనిషికీ కొత్త బ్లేడు అన్న నియమం మారుమూల పల్లెలకు సైతం పాకింది. తరతరాల పాత కత్తి పొదిలోంచి మాయమై, బ్లేడు పట్టే ఉస్తరా దాని స్థానంలోకి వచ్చింది. బ్లేడును రెండుగా విరవగలిగితేనే ఆ నియమం క్షురకునికి గిట్టుబాటవుతుంది. ఒక్కొక్క ముఖానికీ రూపాయి, రూపాయిన్నర ఖర్చు. ఐదు అలుగుల తల మనిషికొకటి మార్చాలంటే కూలి కంటె సాధనం ఖరీదే ఎక్కువవుతుంది. కనుక గడ్డానికి కూర్చున్నవాడు బ్లేడు విరిచే చప్పుడు తన చెవితో వినాలి. వినబడకపోతే అడగాలి. అడిగినందుకు నొచ్చుకొనే క్షురకుడు ఈ రోజుల్లో అరుదు.

వాడిన బ్లేడును ఏమి చేయాలన్నది జిల్లెట్ ఆలోచించని సంగతి. పెంటకుప్పలో పడిన బ్లేడు చెప్పులు లేని పిల్లల పాదాలను, మేతలో మూతి పెట్టిన గేదె నాలుకను ఎరుగుదురు పల్లెవాసులు. ప్లాస్టిక్ తలలో ఉక్కు, రబ్బరు, ప్లాస్టిక్ విడదీయరాకుండా అతుక్కొని ఉంటాయి గనుక పాత ఇనుము కొనేవాడు దానిని ముట్టడు. ఒంటి బ్లేడు మొత్తం ఉక్కే. మూతకు సన్నని చీలిక కోసిన పాత రేకు డబ్బాలో వేస్తూ పోతే ఏళ్ళ తరబడి నిండదు, నిండినప్పుడు ఆ డబ్బాతో సహా ఇనుప సామాను వానికి ఇచ్చివేయవచ్చు. అమెరికాలో ఇళ్ళు కట్టేవారు మరొక ఉపాయం చేశారు. స్నానాల గదిలో అద్దం వెనుక గోడకు చిన్న చీలిక ఉంచి, వాడిన బ్లేడును అందులో జారవిడిచేవారు. అది గోడల నడుమ ఉన్న ఖాళీలోకి పడిపోయేది. ఆ ఇళ్ళను ఇప్పుడు మరమ్మతు చేసేవారు గోడ పగులగొట్టగానే తుప్పుపట్టిన పాత బ్లేడ్లు గుట్టగా జారి కాళ్ళ దగ్గర పడతాయి. వాటిలో మూడు రంధ్రాలవి కూడా ఉంటాయి.